విరిగిన గోడ అవతల

మా మునిరత్నం మామకు పదిహేడేళ్ళ వయసులో కావలసింది ఒక్కటే, పుదుచ్చేరి పోలీసుల ఎర్ర టోపీ. దాని కోసమే తెల్లారకముందే లేచి సముద్రపొడ్డున పరుగెత్తేవాడు. ఒళ్ళు బాగుపడాలనీ కాదు, పరుగంటే ఇష్టముండీ కాదు. అసలు మామ పరమ బద్ధకస్తుడు. బావిలో నీళ్ళు చేదమంటే నడుం పట్టేసేది.

టోపీ మోజు వెనక తాత దగ్గు ఉంది. తాత బట్టల మిల్లులో దూది శుభ్రం చేసే చోట పనిచేసేవాడు. రాత్రిళ్ళు ఆయన దగ్గుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. కొడుకును కూడా అక్కడే చేర్చుకుంటానని మేస్త్రీ మాట ఇచ్చాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి మామకు కాలు నిలవలేదు. పోలీసైతే మిల్లు తప్పుతుంది, లేకపోతే తప్పదు.

సరిగ్గా అప్పుడే ఫ్రెంచి జెండా దిగింది. కొత్త అధికారులొచ్చారు, పోలీసులో మనుషుల్ని తీసుకుంటారన్నారు. పరీక్ష సంగతి తెలిసినవాడు మా వీధిలో అణ్ణామలై ఒక్కడే. ఫ్రెంచివాళ్ళ కింద సిపాయిగా చేసినవాడు.

"వెయ్యి మీటర్లు పరిగెత్తల్ల. అంతేరా. నేను పరిగెత్తలా?" అన్నాడు. లైట్‌హౌస్ నుంచి దక్షిణాన సముద్రపు గోడ విరిగిన చోటు దాకా అంత దూరమని తనే నడిచి చూపించాడు.

ఇక మామ ఆ గోడను పట్టుకున్నాడు. గోడ చేరగానే ఠక్కున ఆగేవాడు. ఒక్క అడుగు ఎక్కువేస్తే ఎవడో దోచుకుపోతాడన్నట్టు. తోడుగా కురుచికుప్పం నుంచి చిన్నదురై వచ్చేవాడు. పడవలవాళ్ళ పిల్లాడు, మామ ఈడువాడే. వాడికి ఏ టోపీ అక్కర్లేదు. మామ గోడ దగ్గర కూలబడితే వాడు ఇసుకలోకి దూకి ఇంకా ముందుకు పోయేవాడు.

"ఎందుకురా అంత దూరం? ఎవరు చూడాలని?" అని మామ అరిచేవాడు.

"కాత్తు నల్లా ఇరుక్కు" అనేవాడు చిన్నదురై. గాలి బాగుందట! మామకు ఒళ్ళు మండేది.

ఒళ్ళు మాత్రం మామను అడక్కుండానే మారింది. చొక్కా భుజాల దగ్గర బిగిసింది. వాళ్ళమ్మ మంగాయమ్మ అవ్వ రాగి సంకటి పెడితే రెండో ముద్ద అడిగాడు. చేద తాడు పట్టుకుంటే నడుం గుర్తే రాలేదు. అదంతా టోపీ మహిమే అనుకున్నాడు.

పరీక్ష రోజున మైదానంలో ఛాతీని ఇంచీల టేపుతో కొలిచారు. అప్పుడే అనుమానం రావాలి. మావాడి ధ్యాసంతా టోపీ మీదే. ఈల మోగగానే అందరికన్నా ముందు దూకాడు. గోడ దాకా సరిపోయే ఊపిరి ఎంతో కాళ్ళకు తెలుసు. ఇక ఇంతే అని తోచగానే ఉన్న బలమంతా పెట్టి దూసుకెళ్ళి, ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. తతిమ్మా వాళ్ళు ఆగలేదు. ఒక్కొక్కడే పక్కనుంచి దాటిపోయారు.

"మైలు! మైలు!" అని అధికారి అరుస్తున్నాడు. కొత్త ప్రభుత్వం మీటర్లలో కాదు, మైళ్ళలో లెక్క పెడుతోంది. మైదానం చుట్టూ కట్టిన తాడు బయట చిన్నదురై "ఓడు డా!" అని, పరుగెత్తమని అరవంలో కేకలేస్తూ పక్కనే పరుగెత్తాడు. మామ కదలబోతే ఊపిరి లేదు. అందరికన్నా ఆఖరున నడుచుకుంటూ గీత దాటాడు.

"నా కాలంలో మీటర్లే కదరా" అని అణ్ణామలై తల పట్టుకున్నాడు. మామకు మిల్లు తప్పలేదు.

చేరాల్సిన రోజు తెల్లవారుజామునే మెలకువ వచ్చేసింది. దొర్లాడు, లేచాడు, మళ్ళీ పడుకున్నాడు. చాప మీద కాళ్ళు నిలవలేదు. తలుపు తీస్తుంటే అవ్వ లేచింది.

"యాడికిరా? ఇంకేం పరీక్షుండాదని?"

"ఏమోమ్మా. కాళ్ళు ఊరుకోనంటుండాయి."

గోడ దగ్గర అలవాటుగా ఆగి, ఏడ్చాడట. ఏడుపు అయ్యాక ఇసుకలోకి దూకాడు. అప్పటి నుంచి రోజూ మిల్లు కూత కన్నా ముందే గోడ దాటేవాడు. ఎంత దూరమో చూసుకోవడం మానేశాడు. పగలంతా దూది దుమ్ము మింగి, మర్నాడు పొద్దున్నే సముద్రం గాలి పీల్చేవాడు.

మరుసటి ఏడు మళ్ళీ పోలీసులోకి పిలిచారు. మామకు ఆశ లేదు, అవ్వ పోరు పడలేక వెళ్ళాడు. మైలు గీత అందరికన్నా ముందు దాటాడు. దాటి, ఆగలేదు. ఈల ఊదారు, చేతులూపారు. మామ ఇంకో చుట్టు మొదలెట్టాడు.

"డేయ్ మునిరత్నం, అయిపోయిందిరా! తీసుకున్నారు! నిలబడరా!" అని తాడు బయట అణ్ణామలై గొంతు చించుకున్నాడు.

వినబడలేదా మామా అని నేనోసారి అడిగాను.

"వినబడింది" అన్నాడు మామ. "గాలి బాగుండాదిరా."