నాలుగని రాసిన పెట్టె

ఆ పొద్దున వరదరాజన్ ఇంట్లో చేసిన చివరి పని, ఒక డీవీడీ పెట్టె మీద కాగితం అంటించడం. కొబ్బరినూనె గుడ్డతో ధర చీటీని రుద్ది తీసి, కంపెనీ అచ్చేసిన ‘3’ కనబడకుండా తన చేత్తో ‘4’ అని రాసిన కాగితం అతికించాడు.

“సాయంత్రం సీరియల్ పెడతాను కమలా. పెందలాడే వంట ముగించు.”

చేటలో బియ్యం ఏరుతున్న కమలవేణి తలెత్తలేదు. “నాలుగో పెట్టె మొత్తం చూసినాను. మా తమ్ముడు లేడు. ఇంకెన్నాళ్ళు ఏమారుస్తారు నన్ను?”

“చెప్పిన పెట్టెలో బుద్ధిగా కూర్చునే మనిషా మీ తమ్ముడు?”

ఆమెకు నవ్వు రాలేదు. “నాకేమీ చూపించొద్దు, పోండి.”

నవ్వుకుంటూ చెప్పులేసుకుని పోయాడు. మధ్యాహ్నం ధర్మపురి బస్టాండులో బెంచీ మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఆ బస్టాండు వెనకే ఒకప్పుడు అతనికి క్యాసెట్ల కొట్టు ఉండేది. నాయనది ధాన్యం వ్యాపారం. పడితో కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనకుండా ‘లాభం’ అనేవాడు, ఆ తర్వాత రెండు, మూడు. చుట్టాలందరికీ అదే నోటి అలవాటు. టీవీలో ఒక పోలీసు సీరియల్‌ను పరీక్షకని నాలుగు వారాలు వేసి ఆపేస్తే, వీళ్ళు దాన్ని లాభం అన్నారు. మళ్ళీ మొదలైనది వీళ్ళకు రెండో విడత.

కమలవేణి తమ్ముడు వాసుదేవన్ అందులో ఒక్కసారి బస్సు కండక్టరుగా కనిపించాడు. “అక్కా, నాలుగో విడత, మొదటి వారం. మరిచిపోవద్దు!” అని ముందే ఫోన్ చేశాడు. ఆ ఆదివారం ఊళ్ళో కరెంటు లేదు. మరుసటి ఏడు కామెర్లు వచ్చి వాసుదేవన్ పోయాడు. అతను నడవడం, మాట్లాడడం ఇంకెక్కడా మిగల్లేదు.

ఏళ్ళ తర్వాత సీరియల్ డిస్కులుగా వచ్చింది. వరదరాజన్ ‘4’ అని అచ్చైన పెట్టె కొనుక్కొచ్చాడు. అక్కాతమ్ముళ్ళ లెక్క వేరని, కంపెనీ లెక్క వేరని అప్పుడు అతనికీ తట్టలేదు. కంపెనీవాళ్ళు పరీక్ష వారాలను తర్వాతి విడతతో కలిపి ఒకే పెట్టెలో పెట్టి, దానికి ‘1’ వేశారు. అక్కణ్ణుంచి ప్రతి అంకె ఒకటి తగ్గింది. ఆ సంగతి తెలిసేసరికి కంపెనీ మూతపడింది. సేలంలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, చివరికి ఆ మూడో పెట్టె సంపాదించాడు.

కర్మ ముగిసిన మర్నాడే కమలవేణి టీవీనీ ప్లేయర్‌నూ పాత ఇనుము బండికి ఇచ్చేసింది. అవి కళ్ళబడితే ప్రాణం ఉసూరుమంటున్నదని.

ఆ వారమే కూతురు దర్శిని అలమర సర్దుతూ ఆ కాగితం ఒలిచింది. పెట్టె వెనక అచ్చైన మొదటి వారం కథలో బస్సు కండక్టరు సంగతి చదివి కేక పెట్టింది. “అమ్మా! మామ ఉండేది దీంట్లోనే. నాయన కనుక్కున్నాడు!”

కమలవేణి చేయి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. “తియ్యవే, తొందరగా.”

దర్శిని పెట్టె తెరిచింది. మొదటి డిస్కు చోటు ఖాళీగా ఉంది.

“ప్లేయర్ ఏదమ్మా?”

పోయిన రోజు పొద్దున ఆ కాగితం అంటించకముందే, వరదరాజన్ ఆ డిస్కును ప్లేయర్లో పెట్టి ఉంచాడు.