మేస్త్రి ఇంటి మెట్లు

ఆ చుట్టుపక్కల ఏ మేడ ఎక్కినా చేతికి తగిలేది గ్రిల్స్ మేస్త్రి పనితనమే. ముప్ఫై అయిదేళ్ళుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్లకు రెయిలింగ్‌లు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. అలాంటి మనిషి సొంత ఇంట్లో పద్నాలుగు మెట్లకు ఒక పక్క గోడ, రెండో పక్క గాలి! పదకొండేళ్ళు అలాగే ఉన్నాయి. వినడానికే విడ్డూరంగా ఉంటుంది, కానీ ఏం చేస్తాం, నిజం.

పోనీ బద్ధకస్తుడా అంటే అదీ కాదు. మూడుసార్లు తన ఇంటి కొలతలకు పైపులు కోశాడు. ఒకసారైతే రంగు కూడా వేశాడు. తీరా బిగించే వేళకు ఎవరో ఒకరు, ఎల్లుండే కొత్తింట్లో దిగుతున్నాం, నువ్వే గట్టెక్కించాలి అంటూ షాపు ముందు నిలబడేవారు. మేస్త్రికి మొహమాటం జాస్తి. గోడకు ఆనించి ఉన్న తన ఇంటి సరుకునే కాస్త కోసి, కాస్త అతికించి, వాళ్ళకు బిగించి వచ్చేవాడు. మనిల్లేగా, ఎక్కడికి పోతుంది అనేవాడు భార్యతో. ఆవిడ మొదట్లో నవ్వేది. తర్వాత విసుక్కునేది. ఆ తర్వాత నెత్తీ నోరూ కొట్టుకునేది. చివరి రెండేళ్ళూ అడగడమే మానేసింది. ఆవిడ సర్దుకుపోయిందనుకున్నాడు ఆయన. మగవాళ్ళకు అలా అనుకోవడం భలే హాయిగా ఉంటుంది లెండి.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం, ఉతికిన బట్టల బకెట్‌తో దిగుతూ ఆవిడ ఏడో మెట్టు మీద నుంచి కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది కానీ, మెట్ల జోలికి మాత్రం ఇక పోవద్దన్నాడు డాక్టరు. పడకగదీ స్నానాలగదీ పైనే ఉన్నాయి. మంచం హాల్లోకి దించారు. స్నానానికి మాత్రం రోజూ పొద్దున్నే ఆయనే ఆవిడను రెండు చేతుల మీద పైకి మోసుకెళ్ళి, మళ్ళీ కిందికి తెస్తాడు. అరవై దాటిన మనిషి, ఎన్నాళ్ళని మోస్తాడు? ఇల్లు అమ్మేసి, ఆవిడ చెల్లెలుండే వీధిలో మెట్లు లేని ఇల్లు చూసుకుందామని అనుకున్నారు. అనుకున్నారంటే, ఆవిడ అంది, ఆయన తలూపాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఒకటే చెప్పేది, కళ్ళు తిరిగి పడ్డానని. మేస్త్రి పక్కనే ఉండి వినేవాడు. కళ్ళు తిరగలేదని, కాలు జారి చెయ్యి చాపితే పట్టుకోవడానికి ఏమీ దొరకలేదని ఇద్దరికీ తెలుసు. తప్పు నాదేనే అని ఒక్క మాట అనాలని రోజుకు పదిసార్లు నోటిదాకా వచ్చేది. వచ్చి, మందు వేసుకున్నావా అనే ప్రశ్నగా మారిపోయేది. సిగ్గు, ఇంకేముంది. ఈ గోడల మధ్య అనలేకపోతే ఇంకో ఇంటికి వెళ్ళాక అసలే అనలేనని ఆయనకు బెంగ పట్టుకుంది.

ఇంతలో బ్రోకరు వచ్చి ఇల్లంతా కలియదిరిగాడు. గోడలకు లేత రంగు వేయించమన్నాడు. అటక మీది సామాను దించి ఎక్కడైనా దాచమన్నాడు. ఇల్లు చూసేవాళ్ళు వచ్చే రోజున హాల్లో మంచం, మందుల డబ్బా, వాకర్ కంటపడకూడదన్నాడు. వాళ్ళు చూసేది పది నిమిషాలు, ఆ పది నిమిషాలూ ఇది రోగిష్టి ఇల్లులా ఉండకూడదట! మంచం మీద ఉన్న మనిషి వింటోందన్న ఇంగితం కూడా లేదు. చివర్న మెట్ల దగ్గర ఆగి, పిల్లలున్నవాళ్ళు ఇది చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతారు, ముందు రెయిలింగ్ వేసెయ్యండి మేస్త్రిగారూ అన్నాడు.

మేస్త్రి రెండు రోజుల్లో వేసేశాడు. అవును, రెండే రోజులు. అతుకు తెలియకుండా అరగదీసి, అరచెయ్యి జారకుండా పట్టు చూసి, రెండు పూతల రంగు వేశాడు. భార్య మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉంది. పని అయ్యాక, అలవాటు కొద్దీ, బాగుందా అని అడిగి నాలుక కరుచుకున్నాడు.

"మీ పనికేం, ఎప్పుడూ బాగానే ఉంటుంది," అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

ఆదివారం ఒక టీచరమ్మ, ఆమె భర్త ఇల్లు చూడటానికి వచ్చారు. అప్పటికే మంచం పక్కింటికి చేరింది, వాకర్ వంటింటి తలుపు వెనక్కి వెళ్ళింది. భార్యను లేచే అవసరం రాకుండా కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. టీచరమ్మ రెయిలింగ్ పట్టుకుని పైకి వెళ్ళి, అదే పట్టుకుని దిగి వచ్చింది. ఇంత గట్టిగా ఉంది, మా పిల్లలకు భయం లేదు అని మురిసిపోయింది. బ్రోకరు టక్కున అందుకుని, ఇల్లు కట్టిన రోజు నుంచీ ఉందమ్మా, ఊరందరికీ వేసే మేస్త్రి తన ఇంటికి వేసుకోడా అని కోతలు కోశాడు. ఆమె తల ఊపి, ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్ముతున్నారండీ అని కుర్చీలో ఉన్నావిడనే అడిగింది.

ఆవిడ ఎప్పటిలాగే, మొన్నామధ్య కళ్ళు తిరిగి పడ్డానమ్మా అని మొదలుపెట్టింది.

"కళ్ళు తిరగలేదమ్మా," అన్నాడు మేస్త్రి. "ఈ రెయిలింగ్ వేసి వారం కాలేదు. ఏళ్ళ తరబడి వెయ్యమని అడిగింది, నేను వెయ్యలేదు. అందుకే పడింది. తప్పు నాది."

బ్రోకరు ముఖం మాడిపోయింది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏ సంగతీ తర్వాత చెబుతామని వెళ్ళిపోయారు. వాళ్ళకు సర్దిచెప్పడానికి బ్రోకరు వెనకాలే పరుగెత్తాడు. మేస్త్రి తలుపు వేసి వచ్చాడు. గుండెల మీది బరువు దిగిందనిపించింది. భార్య ఒక మంచి మాట అంటుందని కూడా ఆశపడ్డాడేమో, పాపం. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"రోజూ ఎత్తుకుని పైకి తీసుకెళ్ళారు," అంది. "మీ నోరు నా చెవి పక్కనే ఉండేది. నాలుగు నెలలు ఆ మాట కోసం ఎదురుచూశానండీ. చివరికి ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పారు."

ఆయన కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు, ఆవిడకే, ఎదురుగా, తడబడుతూ, మొదటినుంచీ. ఎవరి తొందర కోసం ఎన్నిసార్లు తన ఇంటి పైపులు ఇచ్చేశాడో కూడా దాచలేదు. ఆవిడ మొత్తం విన్నది. ఊ అంది. పోన్లెండి అంటుందని ఆయన చాలాసేపు చూశాడు. ఆవిడ అనలేదు.