చెరిపేసిన గాజులు

దిల్‌సుఖ్‌నగర్‌లోని నా ఫోటో స్టూడియోకి వచ్చే పెళ్లి జంటలు ఈ మధ్య ‘ట్రైబల్ లుక్’ అడుగుతున్నారు. ఏ తెగ అంటే ఫోన్లో ఒక బొమ్మ చూపిస్తారు. నేనూ అంతకు మించి విచారించేవాణ్ని కాదు. అద్దాల లంగా, గవ్వల గొలుసు, గడ్డం మీద చుక్కలు. ఆ చుక్కలు మా మేకప్ అమ్మాయి ఐలైనర్‌తో పెట్టేది. వాళ్లది దేవరకొండ వైపు లంబాడీ తండా. అమ్మానాన్నలతో బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉంటుంది. వాళ్లమ్మ గడ్డం మీద అవే చుక్కలు పచ్చబొట్లని, అవి సబ్బుకు పోవని ఒకసారి చెప్పింది.

ఎల్బీనగర్‌లో ఫ్యాన్సీ నగల షాపావిడ నల్లవెండి రంగు వంకీలు తెప్పించి, వాటికి ఫోటోతో ప్రకటన బోర్డు కావాలన్నారు. “మోడల్స్ అందరూ ఒకేలా ఉంటున్నారండీ. నిజమైనవాళ్లు ఎవరైనా దొరుకుతారా?” అని అడిగారు. దొరుకుతారన్నాను. మేకప్ అమ్మాయిని అడిగింది ఆ తర్వాత.

వాళ్లమ్మ తన బట్టల్లోనే వచ్చింది. మేకప్ ఏమీ అవసరం రాలేదు. సమస్యల్లా వంకీతోనే. మోచేతి నుంచి భుజం దాకా ఆమెకు తెల్ల గాజులున్నాయి, వంకీకి చోటు లేదు. ఐదు నిమిషాలు తీయమన్నాను.

“మా ఆయన ఉండంగ ఇవి తియ్యం, బిడ్డా. ఆయన పోతేనే తీస్తరు” అంది.

సరేనమ్మా, ఉండనివ్వండి అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను. ఫోటో తీసి వాళ్లను పంపించాక, కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గాజులు ఒక్కొక్కటే చెరిపేశాను. కింద లేని చర్మాన్ని తయారు చేసి, దాని మీద వంకీ అతికించాను. చర్మం సహజంగా వచ్చింది. ఆ పనితనానికి కొంత గర్వపడ్డాను కూడా.

బోర్డు షాపు మీదికెక్కింది. తండా నుంచి వచ్చే బస్సులు దాని ముందు నుంచే పోతాయి. ఒక రోజు వాళ్ల చుట్టం ఒకాయన బస్సు కిటికీలోంచి చూసి, ఏడుస్తూ తన దగ్గరున్న వాళ్లింటి నంబరుకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ మేకప్ అమ్మాయి నాన్న దగ్గరుంది, ఆయనే ఎత్తాడు. ట్రాలీ ఆటో నడుపుతాడు. అప్పుడు సరూర్‌నగర్‌లో ఎవరిదో బీరువా దింపుతున్నాడు. ఎవరు పోయిండ్రని కంగారుగా అడిగాడట.

“నువ్వే కద, బావా” అన్నాడట ఆ చుట్టం.

ఆయన బతికే ఉన్నాడని తేలడంతో గొడవ పెద్దదైంది. మొగుడు ఉండగానే ఫోటో కోసం గాజులు తీసిందని తండా ఆడవాళ్లు అనుకున్నారు. సొంత చెల్లెలి కూతురి పెళ్లికి కూడా ఆమెను పిలవలేదు. మేకప్ అమ్మాయి అసలు ఫోటో పంపిస్తే, గాజులు తర్వాత కంప్యూటర్లో వేయించారన్నారు.

తండ్రీకూతుళ్లు స్టూడియోకి వచ్చారు. కొత్త సాఫ్ట్‌వేర్, దానంతట అదే తీసేసిందని నేను చెప్పాను. ఆయన నమ్మాడు. “నా ఫోన్ల గూడ గట్లనే ఐతది సార్, పరేషాన్ గాకు” అని నన్నే ఓదార్చాడు. అమ్మాయి మాత్రం మానిటర్ వైపు చూస్తూ నిలబడింది. నేను ఒక్కో మొటిమ ఎంత ఓపికగా తీస్తానో ఆమెకు తెలుసు.

గాజులతో ఉన్న ఫోటోనే బోర్డుకు పెట్టమని షాపావిడను అడిగాను. “వంకీ లేకపోతే బోర్డు నాకెందుకండీ?” అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పులేదు. బోర్డు మాత్రం దింపించారు. దింపినంత మాత్రాన చూసినవాళ్లు చూడకుండా పోరు కదా.

మర్నాడు అమ్మాయి ఒక్కతే వచ్చింది. “అమ్మ ఒక్కటే అడగమన్నది అన్నా. ఆమె చెప్పింది నీకు వినవడలేదా, ఇని చేసినవా?”

విన్నానన్నాను.

“మరి గదే వచ్చి చెప్పు. పెద్దమ్మలు ఆదివారం ఇంటికొస్తున్నరు.”

ఆదివారం బడంగ్‌పేట్ వెళ్లాను. చాప మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. నాకు కుర్చీ వేశారు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. వంకీ గురించి, షాపు గురించి, నా వృత్తిలో ఇలాంటివి ఎంత మామూలో చాలాసేపు చెప్పాను. సాఫ్ట్‌వేర్ మాట అబద్ధమని కూడా చెప్పాను. దానికి అమ్మాయి నాన్న తల దించుకున్నాడు, తప్పు తనదైనట్టు. ఆ పెద్దావిడల్లో తెలుగు సరిగా రానివాళ్లున్నారు. అందుకని నేను ఆపాక మేకప్ అమ్మాయి వాళ్లమ్మ వాళ్ల భాషలో చెప్పింది. నేను అంతసేపు చెప్పినదానికి ఆమె ఒక్క వాక్యమే పలికింది. ఆడవాళ్లందరూ నావైపు తిరిగి చూశారు.

ఏం చెప్పిందని అమ్మాయిని మెల్లగా అడిగాను.

“చెప్పినంక గూడ చేసిండని.”

అందరికంటే పెద్దావిడ జరిగి, చాప మీద తన పక్కన అమ్మాయి వాళ్లమ్మకు చోటిచ్చింది.