విరుగుడు సీసాలు ఎనిమిది

ఆపరేషన్ గదిలో అతన్ని అందరూ మత్తు మామ అంటారు. మత్తు డాక్టరమ్మ పక్కన నిలబడి సూదిమందులు కలిపి అందించడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అంతే. పొడి మందు కనిపిస్తే కలపడానికి చెయ్యి దానంతట అదే ఉప్పునీటి సెలైన్ వైపు పోతుంది.

ఆ ఉదయం బల్ల మీద పడుకున్నది ఆ గది తుడిచే ఆయా. పిత్తాశయంలో రాళ్లు.

“మామా, నిద్రలో నేనేమన్నా వాగితే బయట చెప్పకు.”

“మెలకువలో వాగేదే ఎవరూ వినరు. నిద్రలోది ఎవరికి కావాలి?”

“నీ నోట్లో నా తుడుపుగుడ్డ కుక్కుతా, ఉండు.” నవ్వుతూనే నిద్రపోయింది.

కండరాలు సడలడానికి మందు ఎక్కించారు. దవడ బిగుసుకుంది. ఎక్కడో ఏ ఒక్కరికో ఆ మందు ఇలా ఎదురు తిరుగుతుంది. కాళ్లు కర్రలయ్యాయి. ఒంటి వేడి నలభై డిగ్రీల సెల్సియస్ దాటింది.

దీనికి విరుగుడు ఒకటే. అది కూడా సడలింపు మందే. మిగతా సడలింపు మందులు నరం కండరాన్ని తాకే చోటే ఆగుతాయి. ఇది కండరపు పోగు లోపలికి దిగి, అక్కడ కాల్షియం దాచి ఉంచిన గదికి తలుపు మూస్తుంది. కాల్షియం ఆగితేనే పోగు పట్టు వదులుతుంది.

అల్మారాలో ఆ విరుగుడు పొడి సీసాలు ఎనిమిదున్నాయి. రెండింటిలో అలవాటుగా చేతికందింది పోసి ఊపాడు. ఇంకా ఊపాడు. పసుపు పొడి అడుగున ముద్దలుగా తిరిగింది.

“ఏం పోశావ్?” అంది డాక్టరమ్మ.

“సెలైన్.”

“ఉప్పు లేని నీళ్లు పోయాలి మామా! సీసా మీదే రాసుందిగా!”

అతను చదవలేదు. ఆ రెండూ ఇక పనికిరావు.

మిగిలిన ఆరూ సరిగ్గా కలిపాడు. ఒక్కోటీ కరగడానికి ఒక యుగం. నర్సు పక్క ఆసుపత్రికి ఫోన్ చేసింది. పది సీసాలు పంపుతున్నారు, నలభై నిమిషాలు.

ఆరూ లోపలికి వెళ్లాయి. అతని వేలి కింద దవడ ఓ వెంట్రుకవాసి వదిలింది.

“వదిలిందమ్మా!”

“చాలదు. మళ్లీ బిగుస్తుంది.”

“ఆ రెండూ ఉండుంటే?”

“ఇప్పుడు అడగకు.”

గోరువెచ్చని నీళ్లలో పొడి త్వరగా కరుగుతుంది. రాబోయే మందు కోసం రెండు నీళ్ల సీసాలు చెరో చంకలో బిగించి పెట్టుకున్నాడు. ఈసారి వాటి మీద రాసింది రెండుసార్లు చదివాడు.

ఫోన్ చేసి ఇరవై నిమిషాలైంది. ఒక చెయ్యి ఆమె దవడ మీదే ఉంది. అది మళ్లీ గట్టిపడుతోంది. చంకలు ఇంకా గట్టిగా బిగించాడు.