మావగారి పేరు చెప్పని మామ్మ

మన్యంలో తెల్లదొరల మీద తిరగబడ్డవాళ్లకి బండి మీద ఉప్పూ బియ్యం చేరవేసిన మా ముత్తాత పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన ఉప్పుతాతే. మా తాత బతికున్నప్పుడు అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఆయన ఊసు ఎక్కడైనా ఉందేమో చూడమంటే, పేరు లేకుండా పాత రికార్డులు వెతకలేమని ఏలూరు కలెక్టరాఫీసులో చెప్పేశారు. అందుకే ఈ రోజు చేపల ప్యాకింగ్ పని మానేసి కామవరపుకోట వెళ్లాను. ఆయన్ని చూసినవాళ్లలో మిగిలింది ఆయన చిన్నకోడలు, మా చిన్నమామ్మ ఒక్కతే. పేరు చెప్పమన్నాను.

“మావగారి పేరు నోటితో అంటారా ఎక్కడైనా? తప్పు నాయనా.”

“ఆయన పోయి ఎన్నేళ్లయింది మామ్మా!”

“పోతే మాత్రం మావగారు కాకుండా పోతారేంటి?”

రాసిమ్మందామంటే ఆవిడకి అక్షరాలు రావు. నాకు ఒళ్లు మండింది. “మీతోపాటే ఆయన పేరూ కాటికి పోవాలా?” అని అరిచేశాను. ఆవిడ నాకోసం ఒలుస్తున్న తాటితేగ పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

తిరుగు బస్సులో తట్టింది, నేనే పేర్లు చదివి తల ఊపమంటే సరిపోయేదని. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? ముందు కాళ్లు పట్టుకోవాలి. ఆ కాలపు మగవాళ్ల పేర్లు మీకు తెలిసినన్ని కింద కామెంట్లలో రాయండి. ఆవిడ మళ్లీ నావైపు తిరిగితే చదువుతాను.