చౌడేపల్లె చలి లెక్క

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారని మా ఇంట్లో నమ్మేవాళ్లం. తిరిగి వస్తారని ఎవరూ అనేవాళ్లు కాదు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. కోపం ఆగక రాస్తున్నాను.

మా అన్న జయపాల్ చౌడేపల్లె దగ్గర పొలంలో ఉండేవాడు. చలికాలం ఎంత చలి పడుతుందో, గాలి ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పాలని అతని పట్టుదల. పాడిపశువులున్న ఊళ్లు అవి. ఈదురుగాలి రాత్రి దూడను బయట కట్టేస్తే తెల్లారేసరికి కొయ్యబారిపోతుంది.

పొలంలో ఒక తెల్ల చెక్కపెట్టె, అందులో అడ్డంగా పడుకోబెట్టిన థర్మామీటరు. దాని లోపల సన్నటి గాజు పుల్ల ఉంటుంది. రాత్రి చలి ఎంతకు దిగితే పుల్ల అంతకు దిగి అక్కడే నిలిచిపోతుంది. ఎండ వచ్చినా పైకి రాదు. మనిషి చేత్తో వంచితేనే వస్తుంది. అన్న రోజూ పొద్దున్నే అంకె రాసుకుని, పుల్లను వంచి, పెట్టెకు తాళం వేసేవాడు.

మదనపల్లెలో ఊళ్లకు వాతావరణ సూచనలు ఫోన్ మెసేజ్‌లుగా పంపే ఒక ఆఫీసు ఉంది. మా పల్లం పొలాల చలి వాళ్ల లెక్కకు ఎప్పుడూ అందదు. అన్న ఏళ్ల తరబడి ఫోన్ చేశాడు. అక్కడి అధికారి నవ్వేవాడు. "ఏం సార్, చౌడేపల్లెలో కాశ్మీరం మాదిరి మంచు పడతాదా? స్వెట్టర్లు అమ్ముకుంటాండారా?"

జనవరిలో ఒక సాయంత్రం అన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఆఫీసువాళ్లు ఊళ్లకు హెచ్చరిక పంపలేదు. అన్నే మోపెడ్ తీసుకుని, ఆ గాలిలో ఊరూరా తిరిగి చెప్పి వచ్చాడు. మర్నాడు ఊపిరి ఆడలేదు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. నాతో అతను చివరగా అన్న మాట: "పెట్టె తెరిసినావా? పుల్ల యాడ ఉండాది?"

శుక్రవారం పుంగనూరులో పూడ్చిపెట్టాం. శనివారం నుంచి అతని పుస్తకంలో రోజూ అంకె రాయడం నా పనయింది. తాళంచెవి నా జేబులోనే ఉండేది. ఆ అంకెలు ఎవరికీ చెప్పలేదు. ఒక్క బుధవారం మాత్రం రాయలేదు. ఆ రోజు తెల్లవారకముందే సమాధిరాయి చేయమని చెప్పడానికి కుప్పం వెళ్లాను. గురువారం పొద్దున తిరిగొచ్చి చూస్తే పది డిగ్రీలు. రాసి, పుల్ల వంచాను.

ఆఫీసు మెసేజ్‌లు చూడటం మానేశాను. చూస్తే ఒళ్లు మండేది.

పన్నెండో రోజున మదనపల్లె వెళ్లాను. అన్న ఊరూరా తిరిగిన రాత్రి చలి విషయంలో పొరపాటు చేశామని కాగితం మీద రాసివ్వమని నిలదీశాను.

"కోప్పడొద్దండి సార్, కూర్చోండి" అన్నాడు అధికారి. "మీ అన్న చెప్పినట్టే పది దినాలుగా హెచ్చరికలు పంపిస్తాండాము గదా. ఊళ్లల్లో లెక్కలు తీసుకోమని పైనుంచి చెప్పినారు. మీ అన్నే రోజూ పొద్దున ఆరున్నరకు ఫోన్ చేస్తాండాడు. ఇన్నేండ్లు మా చెవులు తినేసిన గొంతు, తెలీదా మాకు?"

అది పాత టేబుల్ ఫోన్, నంబరు కనపడదు. రిజిస్టరు నా ముందుకు తోశాడు. శనివారం నుంచి రోజూ అన్న పేరు, పొద్దుటి అంకె, రాబోయే రాత్రికి అంచనా. నా సంచిలోని పుస్తకం తీసి ఒక్కో వరుసా పోల్చాను. అన్నీ అవే అంకెలు. నేను రాయని బుధవారానికి అక్కడ ఏడు అని ఉంది.

మంగళవారం రాత్రి పుల్ల ఏడుకు దిగి ఉంటే, నేను లేను కనుక గురువారానికి కూడా ఏడు దగ్గరే ఉండాలి. నేను చూసింది పది. మధ్యలో ఎవరో వంచారు. తాళంచెవి నాతో కుప్పంలో ఉంది.

అప్పుడు నోరు జారాను. "మా అన్నను పూడ్చి పన్నెండు రోజులయింది" అన్నాను.

అతను ఎర్ర పెన్ను తీసి, ఆ వరుసలన్నీ కొట్టేశాడు. "అట్లయితే ఇవి చెల్లవు సార్."

"అంకెలు సరైనవే. నేను కళ్లారా చూసి రాశాను. ఇదిగో పుస్తకం."

"మీకు ట్రైనింగు లేదు గద సార్."

మర్నాటి నుంచి ఆ గొంతుతో ఫోన్ రాలేదట. నేను ఫోన్ చేసి అంకెలు చెప్పబోతే రాసుకోలేదు. ఊళ్లకు మళ్లీ పాత మెసేజే: సాధారణ చలి. ఆ శనివారం తెల్లారి పుల్ల ఆరు దగ్గర ఉంది. పాలుపోసే మునెమ్మ ఇంట్లో పుట్టి మూడు రోజులైన దూడ చలికి చనిపోయింది.

ఆమె మా గేటు దగ్గరికొచ్చి అరిచింది. "మీ అన్న పోయినా మెసేజు వస్తా ఉండె గదప్పా! దాన్ని నమ్మే గదా లోపల కట్టేస్తా ఉంటిమి. నిన్న సాధారణ చలే అని వచ్చె. హెచ్చరిక యాల నిలిపేసినారు?"

జరిగిపోయిన రాత్రి చలి నేను చదవగలను. రాబోయే రాత్రిది చెప్పడం అన్నకే తెలుసు.

ఆ ఫోన్ ఎవరు చేశారో, తాళం వేసిన పెట్టెలో పుల్లను ఎవరు వంచారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలదు. ఆ రోజు నేను నోరు మూసుకుని వచ్చి ఉంటే మునెమ్మ దూడ బతికేది. అది మాత్రం తెలుసు.