చెల్పూర్ దగ్గర నోరు జారింది

జనగామ నుంచి మానుకోటకు పొద్దున ఏడు యాభైకి రైలుంది. టికెట్ల దగ్గర లైను పెద్దగా ఉంటుంది, వెళ్లేవాళ్లు కాస్త ముందే చేరుకోండి. మహబూబాబాద్ అని బోర్డు మీద రాసున్నా అందరూ మానుకోట అనే అంటారు.

నేను హైదరాబాద్‌లో ఖరీదైన కార్లు అమ్మే షోరూంలో పనిచేస్తాను. మానుకోట పక్క తండాలో ఉండే గ్రానైట్ వ్యాపారి లచ్చిరాం నాయక్ పన్నెండేళ్లలో నా దగ్గర మూడు కార్లు కొన్నాడు. నాలుగోది మాత్రం కొత్తగా వచ్చిన ఓ విదేశీ కంపెనీ దగ్గర కొన్నాడు, కరెంటు కారు. "ఆయన్ని మళ్లీ మన దగ్గరికి తీసుకురండి. లేదంటే మీరూ రావక్కర్లేదు" అన్నాడు మా మేనేజర్. అందుకే ఈ ప్రయాణం.

స్టేషన్ ఘన్‌పూర్‌లో కూరగాయల గంపతో ఒకావిడ ఎక్కింది. "జర జరుగు బిడ్డా" అంది. "కూర్చోండమ్మా" అని జరిగాను. "పట్నపోళ్లా?" అనడిగితే అవునన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నా యాస మాన్పించారు. జనగామలో మా అమ్మ దగ్గర తప్ప ఎక్కడా బయటికి రానివ్వను.

తొమ్మిది నలభైకి మానుకోటలో దిగాను. స్టేషన్ ఎదుటి హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది. చాయ్ తాగుతుండగా, ముందే ఫోన్‌లో అనుకున్నట్టు, లచ్చిరామే ఆ కరెంటు కారు తెచ్చాడు. వెనక సీట్లో వాళ్లమ్మ.

"భూపాలపల్లిల బిడ్డ ఇంటికి పోతున్నం. రా సాబ్, తొవ్వల మాట్లాడుకుందాం" అన్నాడు.

కారు కదిలినట్టే తెలియలేదు. నర్సంపేట రోడ్డెక్కగానే ఆయన గాలితో మాట్లాడినట్టుగా "జర చల్లగ చెయ్యి" అన్నాడు. చల్లబడింది! నేను నోరు వెళ్లబెట్టాను. మా కార్లకు ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదు.

"మీ బండిల రిపేరు లైటు వెలిగితే పట్నం తోలాలె, రెండు దినాలు ఖరాబు. ఈ కంపెనోళ్ల రిపేరు వ్యాను తండకే వస్తది" అన్నాడు.

పెద్దావిడ సరదాగా లంబాడీలో కారుతో ఏదో అంది. "క్షమించండి, అర్థం కాలేదు" అంది కారు. ఆవిడ పడీ పడీ నవ్వింది. ఇదే అదను అనుకుని తగ్గింపులు, ఉచిత సర్వీసు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన మర్యాదగా తలూపుతూ విన్నాడు.

పన్నెండున్నరకు చెల్పూర్ వచ్చింది. పొలాలు అయిపోగానే కరెంటు ప్లాంటు. మబ్బుల్లోకి పోయిన పొగగొట్టాలు, పక్కన కొండల్లాంటి కూలింగ్ టవర్లు, వాటి నోళ్లలోంచి తెల్లటి ఆవిరి. మేం కూర్చున్న బండికి తిండి పెట్టేది ఇలాంటివే కదా అనుకుంటూ అద్దం దించి తల బయటపెట్టాను.

"ఓర్నీ, గింత పెద్దగున్నయేందన్నా!" అనేశాను.

లచ్చిరాం బండి పక్కకు ఆపాడు. "నీదేవూరు?"

"జనగామన్నా."

ఆయన స్టీరింగ్ వదిలి నా వైపు తిరిగాడు. "పన్నెండేండ్లాయె. నీ తాన మాట్లాడాలంటే భయమయ్యేది. షోరూంకొచ్చేటప్పుడు తొవ్వంత మాటలు కూడవెట్టుకుంట వచ్చేటోన్ని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలని, "ఈ కారుకూ అవ్వ మాట రాలేదు కదా అన్నా" అన్నాను.

"దానికి రాక మాట్లాడలె తమ్మీ. నీకు వచ్చి కూడ మాట్లాడలె."

పన్నెండేళ్లలో ఆయన నన్ను తమ్మీ అనడం అదే మొదటిసారి. నేను కారు సంగతి మళ్లీ ఎత్తలేదు. వాళ్ల బిడ్డ ఇంట్లో జొన్నరొట్టె, కోడికూర కడుపునిండా పెట్టారు.

మూడున్నరకు భూపాలపల్లిలో హనుమకొండ బస్సెక్కాను. అక్కడ దిగితే జనగామకు బస్సులకు కొదవలేదు. కిటికీ పక్కనే కూర్చోండి, చెల్పూర్ మళ్లీ కనిపిస్తుంది. ఎండ వాలి టవర్లు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. రెండోసారి చూసినా అదే ఆశ్చర్యం. అప్పుడే మేనేజర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమైంది? వస్తాడా?"

"ఇగ రాడు సార్. తప్పు నాదే. నేనే మంచిగ మాట్లాడలె."

మేనేజర్ ఫోన్ చెవి నుంచి తీసి నంబరు చూసుకున్నట్టున్నాడు.

"హలో, ఎవరండీ మాట్లాడేది?"

"నేనే సార్" అన్నాను.